పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన

తూత్తుకుడి జిల్లా ఒట్టపిడారం సమీపాన ఉన్న పాంచాలంకురిచ్చి పేరు కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు చిరపరిచితం. ఆ పాళెమును ఏలిన వీరపాండ్య కట్టబొమ్మన, తెలుగు మాతృభాషగా గల రాజకంబళ నాయక వంశీయుడు. తమిళదేశం ఆయనను తన వీరునిగానే గుండెకు హత్తుకొన్నది.

జగవీర కట్టబొమ్మన, ఆరుముగత్తమ్మాళ్ దంపతులకు ఆయన 1760 జనవరి 3న జన్మించాడు. వారి కులదైవం జక్కమ్మ. తమ్ముడు కుమారస్వామి ఊమైదొరగా ప్రసిద్ధుడు. కట్టబొమ్మన బాల్యం కల్లోల కాలంలో గడిచింది. ఆయనకు నాలుగేండ్లు నిండిన 1764లో, పాలెగాండ్రను అణచిన యూసఫ్ ఖాన్‌ను మధురలో ఉరితీశారు. ఇరవై మూడేండ్ల ప్రాయంలో, 1783లో, కంపెనీ సేనాని ఫుల్లర్టన్ పాంచాలంకురిచ్చి కోటపై దండెత్తాడు.

1790 ఫిబ్రవరి 2న పాళెం బాధ్యత ఆయన భుజాలపై పడింది. దానితోపాటే కప్పం భారమూ వచ్చింది. కంపెనీకి అప్పులపాలైన ఆర్కాటు నవాబు, 1792 ఒడంబడికతో పాలెగాండ్ర కప్పం వసూలు చేసే అధికారాన్ని కంపెనీకే వదలుకొన్నాడు. నల్లరేగడి నేలలో పంట వానదేవుని దయ. వాన తప్పితే రాబడి తగ్గుతుంది గాని కప్పం తగ్గదు.

1798 నాటికి 3310 వరహాల బాకీ ఉన్నదని కలెక్టరు జాక్సన్ తాఖీదు పంపాడు. కట్టబొమ్మనను ఊరూరా తిప్పించి, సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. ఆయనను, మంత్రి శివసుబ్రహ్మణ్య పిళ్ళైని గంటల తరబడి నిలబెట్టాడు. తీరా లెక్క చూస్తే మిగిలిన బాకీ 1080 వరహాలే. అయినా బంధించబోగా, ఘర్షణలో లెఫ్టినెంటు క్లార్క్ మరణించాడు. ఊమైదొర సాయంతో కట్టబొమ్మన తప్పించుకొన్నాడు గాని మంత్రి చిక్కుబడ్డాడు. విచారణ జరిపిన కంపెనీ మంత్రిని విడుదల చేసి, జాక్సన్‌ను తొలగించింది. కాని వైరం చల్లారలేదు.

1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ కోటను ముట్టడించాడు. అదే నెల 13న మంత్రిని నాగలాపురంలో ఉరితీశారు. పుదుక్కోట సీమలో పట్టుబడిన కట్టబొమ్మనను అక్టోబరు 16న కయత్తారులో, తోటి పాలెగాండ్ర సమక్షంలో విచారించి, చింతచెట్టుకు ఉరివేశారు. ఆయన వయస్సు ముప్పది తొమ్మిదేండ్లు. 1801లో ఊమైదొర పాళయంకోట చెర నుండి తప్పించుకొని, నేలమట్టమైన కోటను ప్రజల సాయంతో కొద్ది రోజులలోనే తిరిగి లేపాడు. మే నెలలో ఆ కోటా కూలింది. నవంబరులో ఆయననూ ఉరితీశారు. 1080 వరహాల బాకీకి ఆ ఇంట అన్నదమ్ముల ప్రాణాలు పోయాయి, వంశపు ఆస్తి పరులపాలైంది.

గౌరవం మాత్రం ఆలస్యంగా దక్కింది. 1959లో చలనచిత్రంలో ఆయన పాత్ర ధరించిన శివాజీ గణేశన్, తరువాత కయత్తారులో విగ్రహం నెలకొల్పాడు. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట నిర్మించింది. విజయనారాయణంలోని నౌకాదళ కేంద్రం ఆయన పేరు ధరించింది. 1999లో తపాలా బిళ్ళ వెలువడింది.

అయితే యుద్ధం ఒక్కడు చేసేది కాదు. వెళ్ళయత్తేవన్, సుందరలింగం వంటి కొందరి పేర్లే మనకు మిగిలాయి. ఆ నేల మీద పడిన ఇంగ్లీషు అధికారుల సమాధులపై పేర్లు చెక్కి ఉన్నాయి. కోట గోడల కొరకు మట్టి మోసినవారికి, ఈటె పట్టి ఒరిగినవారికి ఆ పాటి రాయి కూడ లేదు. కోట చూపించడానికి పిల్లలను తీసికొని వెళ్ళే పెద్దలు, విగ్రహానికి నమస్కరించిన పిదప ఆ పేరులేని యోధులను గురించి కూడ రెండు మాటలు చెప్పాలి. అదే వారికి మనం కట్టగల స్మారకం.