సభకు వేదిక కల్పించిన సంస్కర్త కందుకూరి వీరేశలింగం

సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం పంతులు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. 1874లో వివేకవర్ధని పత్రికను ప్రారంభించి, ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను నెలకొల్పారు.

అక్షరజ్ఞానం లేనివారికి పత్రిక చేరదు. వారిని కదిలించగలిగినవి ఉపన్యాసం, నాటకం. 1880లో ఆయన విద్యార్థులు ప్రదర్శించిన వ్యవహార ధర్మబోధిని న్యాయవాద వృత్తిలోని అక్రమాలను ఎండగట్టింది. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు దానినే నాందిగా పరిగణిస్తారు.

1881 డిసెంబర్ 11న తన ఇంట తొలి వితంతు వివాహం జరిపించిన పంతులు గారు సనాతనుల తీవ్ర ప్రతిఘటనను, సాంఘిక బహిష్కారాన్ని ఎదుర్కొన్నారు. కొత్త భావాలకు లోగిళ్లు మూతపడే ఆ కాలంలో పౌరులందరికీ చెందిన సభాస్థలి ఆవశ్యకమైంది. ఆయన కృషి ఫలితంగా 1890లో రాజమహేంద్రవరంలో పురమందిరం వెలసింది.

ధ్వనివర్ధకాలు లేని ఆ రోజుల్లో సభ యావత్తూ వక్త గొంతు మీదనే ఆధారపడేది. ఆరుబయట చెదిరిపోయే కంఠస్వరం మందిరంలో గోడల నుంచి, పైకప్పు నుంచి ప్రతిఫలించి వెనుక వరుసల వారికీ చేరుతుంది. ఆ విధంగా పురమందిరం ప్రజాభిప్రాయానికి నిలయమైంది.

పంతులు గారు 1919 మే 27న మద్రాసులో పరమపదించారు. ఆయన జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు.