నాలుగు రెక్కల ఈగ

మగ్గిన అరటిపండు మీద ముసిరే సన్నని ఈగలను ఎవరైనా చేత్తో తోలివేస్తారు. ఆ ఈగలనే జీవితమంతా పరిశీలించి, ప్రాణుల శరీర నిర్మాణంలోని ఒక గొప్ప రహస్యాన్ని వెల్లడించిన శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లూయిస్.

లూయిస్ 1918వ సంవత్సరం మే 20వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించాడు. ఆయన తండ్రి గడియారాల పని చేసేవాడు. లూయిస్‌కు చిన్నతనం నుంచి ఫ్లూటు వాయించడమంటే మక్కువ. ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో, పండ్ల ఈగలు అమ్ముతామనే ప్రకటన ఒక విజ్ఞాన పత్రికలో ఆయన కంటబడింది. ఒక స్నేహితునితో కలిసి వాటిని తెప్పించి, సీసాలలో పెంచాడు. బాల్యంలో వేడుకగా మొదలైన ఆ పనే ఆయన జీవిత లక్ష్యమైంది.

1942లో ఆయన కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో డాక్టరేటు పొందాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో వాతావరణ నిపుణుడుగా పనిచేసి, 1946లో తిరిగి అదే సంస్థలో అధ్యాపకుడుగా చేరాడు. రాత్రివేళ ప్రయోగశాల నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పనిచేయడం ఆయనకు ఇష్టం.

ఈగ శరీరం ఖండితాల వరుస. రొమ్ము భాగంలో మూడు ఖండితాలుంటాయి. రెండవ దానికి ఒక జత రెక్కలు, మూడవ దానికి ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న బుడిపెలు ఉంటాయి. 1915లో కాల్విన్ బ్రిడ్జెస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింత ఈగను గుర్తించాడు. దాని బుడిపెలలో కొంత భాగం రెక్కలా మారి ఉంది. అలా ఎందుకు జరిగిందన్నదే లూయిస్‌ను పట్టుకున్న ప్రశ్న.

ఆయన అటువంటి మార్పులున్న ఈగలను ఒకదానితో ఒకటి సంకరం చేసి, వాటి సంతతిని తరతరాలుగా పరీక్షించాడు. చివరకు నాలుగు నిండు రెక్కలున్న ఈగను సాధించాడు. దానికి కొత్త అవయవమేదీ మొలవలేదు. మూడవ ఖండితం తాను రెండవ ఖండితమైనట్లు పెరిగింది, అంతే. దర్జీ గుడ్డముక్కల మీద ఇది చేయి, ఇది కాలరు అని సుద్దతో గుర్తు పెట్టుకుంటాడు. గుర్తు మారితే కాలరు ఉండవలసిన చోట చేయి వస్తుంది. ఏ ఖండితం ఏ రూపం పొందాలో గుర్తుపెట్టే జన్యువులు కూడా అటువంటివే.

ఈ పరిశోధన ఫలితాలను వివరించే వ్యాసం 1978లో వెలువడింది. ఆయన అధ్యాపకుడై అప్పటికి 32 సంవత్సరాలు. క్రోమోజోము మీద ఈ జన్యువులు ఏ వరుసలో ఉన్నాయో, శరీరంలో అవి పనిచేసే ఖండితాలూ ముందు నుంచి వెనుకకు అదే వరుసలో ఉన్నాయని ఆయన చూపాడు. ఆ వ్యాసం మొదట చాలామందికి అంతుపట్టలేదు. అందులో కనీసం ఎనిమిది జన్యువులుంటాయని ఆయన భావించాడు. నిజానికి ఉన్నవి మూడేననీ, మిగిలినవి వాటిని నడిపించే భాగాలనీ తరువాత తేలింది. అయినా ఆయన కనుగొన్న వరుస మాత్రం నిలిచింది.

1984 నుంచి ఇటువంటి జన్యువులు కప్పలోనూ, ఎలుకలోనూ, మనిషిలోనూ బయటపడ్డాయి. మనిషిలో ఇవి 39 ఉన్నాయి. పిండంలో మెడ ఎముకలు ఎక్కడ, పక్కటెముకలు ఎక్కడ ఏర్పడాలో నిర్ణయించేది ఈ కుటుంబమే. ఈగకూ మనిషికీ ఇంత దగ్గరి బంధుత్వం ఉందని లోకం ఆశ్చర్యపోయింది.

1995లో క్రిస్టియానె న్యూస్‌లైన్ ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్‌లతో కలిసి లూయిస్ నోబెల్ బహుమతి అందుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 77 ఏళ్లు. 2004 జూలై 21న ఆయన మరణించాడు.

బహుమతి వస్తుందో రాదో తెలియకుండానే, ప్రశ్న మీది ప్రేమతో ఆయన ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేల్కొన్నాడు. అందరూ తోలివేసిన ఈగ, ఓర్పుతో చూసిన వానికి మనిషి పుట్టుక కథను చెప్పింది.