గొలుసు తెంచిన ఊపిరి: కోడి రామమూర్తి నాయుడు

మన సభ్యుల్లో ఎక్కువమంది ఒళ్ళొంచి బతికేవాళ్ళే. గోదాముల్లో పెట్టెలెత్తేవాళ్ళు, పళ్ళతోటల్లో కోతకెళ్ళేవాళ్ళు, వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టేవాళ్ళు. అందుకే ఈసారి సంచికలో ఒక బలశాలి జీవితం రాద్దామనుకున్నాం. బలశాలి అంటే మన పెద్దల నోట మొదట వచ్చే పేరు కోడి రామమూర్తి నాయుడు గారిది.

ఆయన పుట్టింది వీరఘట్టంలో, 1880ల మొదట్లో. అప్పటికి అది శ్రీకాకుళం వైపు ఊరు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. చిన్నతనంలోనే తల్లి పోయింది. విజయనగరంలో పినతండ్రి ఇంట పెరిగారు. అక్కడే వ్యాయామశాలలో చేరి కసరత్తు, కుస్తీ పట్టారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, తిరిగి విజయనగరం వచ్చి బడిపిల్లలకు వ్యాయామం నేర్పే ఉద్యోగంలో చేరారు. అంటే లోకానికి బలప్రదర్శకుడు కాకముందు ఆయన మేష్టారు. ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఆ రోజుల్లో బలం అంటే ప్రపంచమంతా యూజెన్ సాండో పేరే. 1902లో ఆ సాండో ఇక్కడ ఆస్ట్రేలియాకీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు, ఆ తరవాత మన దేశానికీ వెళ్ళాడు. సాండో దగ్గర జనం టిక్కెట్టు కొని చూసింది ముఖ్యంగా కండల తీరు. రామమూర్తి గారిది మరో దారి. కండ ఎలాగూ ఉంది, దానికి తోడు ప్రాణాయామం. వాయుస్తంభన, జలస్తంభన సాధించారని మనవాళ్ళు చెప్పుకుంటారు. మనిషి శాకాహారి కూడా.

గొలుసు తెంచే పద్ధతి చూస్తే ఆ విద్య ఏమిటో కొంత తెలుస్తుంది. ఒంటికి ఇనుప గొలుసు బిగించి కట్టేవారు. ఆయన మెల్లగా గాలి పీల్చి, బిగబట్టి, ఛాతీ పెంచేవారు. గొలుసు తెగిపోయేది. చూసేవాళ్ళకి అది ఒక్క క్షణం పని. దాని వెనక ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి చేసిన సాధన ఎవరికీ కనపడదు. ఛాతీ మీద పలక వేయించుకుని ఏనుగును ఎక్కించుకోవడమూ ఇంతే. బరువు పలకంతా పరుచుకుంటుంది నిజమే, కానీ కింద ఉన్న మనిషి గుండె బెదిరినా, ఊపిరి సడలినా అక్కడితో సరి. (పనిలో బరువెత్తేటప్పుడు మాత్రం ఎవరూ ఇలా ఊపిరి బిగబట్టొద్దు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.)

పొట్టి పంతులు గారి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. రెండు చేతులకూ గొలుసులు కట్టించుకుని రెండు కార్లను కదలకుండా ఆపేవారు. పూనాలో తిలక్ ఆదరించారు, అలహాబాదులో మాలవీయ మెచ్చుకున్నారు. లండన్‌లో ఐదో జార్జి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారు. మనవాళ్ళకి ఆ బిరుదు ఎందుకో ఆనలేదు, కలియుగ భీముడు అన్నారు. డబ్బు బాగానే వచ్చింది. వచ్చింది వచ్చినట్టే దానధర్మాలకూ, దేశం పనులకూ ఇచ్చేశారు.

తరవాత కాలికి పుండు లేచింది. కాలు తీసెయ్యాల్సి వచ్చింది. క్లోరోఫాం వద్దని, ప్రాణాయామంతో మనసు నిలిపి కోత కోయించుకున్నారని చెబుతారు. ఏనుగు కథ కన్నా మాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, గెలిచేందుకు ఎదుట ఇంకో మల్లుడూ లేడు. వ్యాయామశాలలో నేర్చుకున్న ఊపిరి ఒక్కటే ఉంది.

అయితే ఆ ఊపిరి కాలును తిరిగి తేలేదు. ఒంటి బలమే జీవనాధారమైన మనిషికి ఒళ్ళు దెబ్బతింటే ఏముంటుంది? ఆయన కాలంలో రాజుల దయ ఉండేది. ఇక్కడ మనకు పనిగాయాల పరిహారం ఉంది. క్యాజువల్ వాళ్ళకీ, తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకీ సాధారణంగా అది వర్తిస్తుంది. అయినా షిఫ్టు పోతుందేమోనని నడుం నొప్పి దాచి, మాత్ర మింగి పనికెళ్ళేవాళ్ళు మనలో ఎంతమందో. నొప్పి ఓర్చుకోవడం వేరు, దాచడం వేరు. రామమూర్తి గారు కాలు దాచలేదు, వైద్యుడి ముందే పెట్టారు.

చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో, పాట్నా సంస్థానం రాజు గారి ఆదరణలో గడిచాయి. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, సొంత ఊరికి దూరంగా అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఊరెళ్ళినప్పుడు పొద్దున్నే అటు వెళ్తే, కుర్రాళ్ళు పరుగులు తీస్తూ కనిపిస్తారు.