తన పని తానే విప్పిన సర్జన్

మా నానమ్మకు ఎడమ మోకాలిలో అరిగిన లోపలి సగం మాత్రమే మార్చి పదకొండేళ్ళయింది. పోయిన వేసవిలో మళ్ళీ నొప్పి మొదలైంది. మధ్యనున్న ప్లాస్టిక్ బిళ్ళ అరిగింది, కింది లోహపు పలక వదులైంది, రెండూ తీసి మోకాలంతా మార్చాలన్నారు డాక్టరుగారు. దీన్ని రివిజన్ అంటారు. నానమ్మకు నొప్పికంటే అనుమానం ఎక్కువైంది. మొదట చేసినాయన తప్పు చేశాడా, తనే కాలిని సరిగా చూసుకోలేదా అని ఇంటిల్లిపాదినీ అడిగేది. నేను మెకానికల్ విద్యార్థిని గనుక జవాబు చెప్పే బాధ్యత నా మీద పడింది. వెతగ్గా వెతగ్గా సర్ జాన్ చార్న్‌లీ జీవితం కంటబడింది.

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులో, లాంకషైర్‌లోని బరీ పట్టణంలో పుట్టాడు. తండ్రికి మందుల షాపు, తల్లి నర్సు. మాంచెస్టరులో వైద్యం చదివి, యుద్ధకాలంలో సైనిక వైద్యుడిగా ఈజిప్టులో పనిచేశాడు. కత్తి ఎంత ఇష్టమో లేతు మిషను అంత ఇష్టం.

ఒక రోగికి తుంటిలో అమర్చిన అక్రిలిక్ గోళం కదిలినప్పుడల్లా కిర్రుమనేదట. ఆ చప్పుడు పడలేక భార్య అతని దగ్గర కూర్చోవడమే మానుకుంది. అందరూ నవ్వి ఊరుకునే సంగతే. చార్న్‌లీ మాత్రం దాన్ని రాపిడి సమస్యగా చూశాడు. తొడ ఎముకకు చిన్న ఉక్కు గోళం, దానికి జారుడు గుణమున్న టెఫ్లాన్ గిన్నె, రెంటినీ ఎముకకు పట్టి ఉంచడానికి అక్రిలిక్ సిమెంటు. ఇదీ ఆయన పథకం. మంచాన పడ్డవాళ్ళు లేచి నడిచారు. వీగన్ దగ్గరి రైటింగ్‌టన్ ఆసుపత్రికి పేరొచ్చింది. సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు అమర్చాడు.

రెండు మూడేళ్ళకే అవి అరగసాగాయి. రాలిన పొడి చుట్టూ కణజాలం వాచి, ఎముక తినేసింది. చార్న్‌లీ నెపం ఎవరిమీదికీ నెట్టలేదు. తన రోగులను తనే పిలిచి, తను అమర్చిన కీళ్ళను తన చేతులతోనే విప్పాడు. ఆ పొడి శరీరాన్ని ఏం చేస్తుందో చూడాలని తన తొడలోకే ఎక్కించుకున్నాడు. అక్కడ గడ్డలు లేచాయి.

1962లో ఒక అమ్మకందారు పాలిథిలీన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ గోటితో నొక్కి చూసి, పనికిరాదని పక్కన పెట్టేశాడు. వర్క్‌షాపులోని హారీ క్రేవెన్ ఊరుకోక దాన్ని అరుగుదల యంత్రానికెక్కించాడు. మూడు వారాలైనా టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అరగలేదు. చార్న్‌లీ తన మాట వెనక్కి తీసుకుని, ఆ ఏడాది నవంబరులోనే దాన్ని వాడటం మొదలుపెట్టాడు. అయినా తొందరపడి ఊరూరా అమ్మనివ్వలేదు. తన దగ్గర నేర్చుకున్న సర్జన్లకే ఏళ్ళ తరబడి ఇచ్చాడు. చనిపోయాక ఆ కీలును పరీక్షకు ఇమ్మని రోగులను అడిగాడు, చాలామంది ఒప్పుకున్నారు. 1977లో సర్ బిరుదు వచ్చింది. 1982 ఆగస్టు 5న కన్నుమూశాడు.

మా నానమ్మ మోకాల్లోని బిళ్ళ కూడా ఆ పాలిథిలీన్ జాతిదే. సగం మోకాలు మార్చినప్పుడు మంచి ఎముకనూ, నడిమి లిగమెంట్లనూ ఉంచేస్తారు. అది లాభమే. కానీ బిళ్ళ అరగవచ్చు, పలక సడలవచ్చు, మార్చని సగానికి వాతం పాకవచ్చు. అప్పుడు విప్పి పూర్తి మోకాలు పెడతారు. ఎముక తరిగిపోయి ఉంటే లోహపు దిమ్మె, పొడుగు కాడ ఆసరాగా వేస్తారు. అందులో నేరం ఎవరిదీ కానక్కర్లేదని నానమ్మకు ఇదంతా చెప్పాను. ఆపరేషను చేయించుకుంది. ఇప్పుడు వాకరుతో వరండా దాకా వస్తోంది. ఇది ఎన్నాళ్ళుంటుందని అడిగింది. నా దగ్గర తేదీ లేదన్నాను.

మిత్రులారా, ఒక మాట ఒప్పుకుంటాను. ల్యాబులో గ్రాఫు సరిగా రావాలని నేనూ రీడింగులు వండినవాణ్ణే. మన రికార్డు బుక్కుల్లో తప్పయిన ప్రయోగం ఒక్కటీ కనపడదు. చార్న్‌లీ రికార్డులో మాత్రం 300 ఉన్నాయి. వాటిని కొట్టెయ్యలేదు గనకనే మా నానమ్మ నడుస్తోంది. ఈ ఏడాది నా రికార్డులో వచ్చిన రీడింగే రాశాను. మార్కులు తగ్గాయి.