దేశత్యాగమా? దేహత్యాగమా? - విజయనగర ప్రభువు చిన విజయరామరాజు చరిత్రము

రాజ్యాధికారము ప్రతికూలమైనపుడు మానవుడు స్వదేశమున నిలువవలెనా, పరదేశమునకు పోవలెనా, పోయినచో ఏ దేశమునకు పోవలెను అను ప్రశ్న నేటిది కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బిజ్జలుని కొలువు ప్రతికూలింపగా బసవేశ్వరుడు కూడలసంగమమునకు మరలెను. శరణులలో అనేకులు ఉళవి మార్గము పట్టిరి. నేడు విశాఖపట్టణమున నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును నమ్ముకొని జీవించు కుటుంబములయందును, కాలము కలిసిరానిచో పిల్లలను ఏ దేశమునకు పంపుదమా యను యోచన వినబడుచునే యున్నది. ఇదే విశాఖపట్టణము జిల్లాలోని పద్మనాభ గ్రామమున, 1794వ సంవత్సరమున, ఒక ప్రభువు ఈ ప్రశ్నకు తన ప్రాణము నొడ్డి సమాధానము చెప్పెను. ఆయనయే పూసపాటి వంశమువాడగు చిన విజయరామరాజు.

1757లో బొబ్బిలి యుద్ధానంతరమున పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యెను. ఆయన అనంతరము విజయనగర గద్దె నెక్కిన ఆనంద గజపతి, ఫ్రెంచివారి పక్షమును వీడి ఇంగ్లీషువారితో చెలిమి చేసెను. విశాఖపట్టణమును ఫ్రెంచివారినుండి గైకొని ఇంగ్లీషువారి కప్పగించెను. కర్నలు ఫోర్డు సేనకు తన సేనను తోడిచ్చి 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమునను, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట ముట్టడియందును తోడ్పడెను. ఉత్తర సర్కారులలో ఆంగ్లేయుల ప్రాబల్యమునకు ఇదియే పునాది. మచిలీపట్టణపు కోట ఆంగ్లేయుల వశమగుటకు విజయనగరము చేసిన సాయమును పాఠకులు జ్ఞప్తియం దుంచుకొందురు గాక! ముప్పదియైదేండ్ల తరువాత ఆ పేరే మరల వినబడును.

ఆనంద గజపతి అనతికాలమునకే సంతానము లేక మరణించెను. దత్తత ద్వారమున గద్దెకు వచ్చిన విజయరామరాజు అప్పటికి బాలుడు. పాలనాధికారమంతయు ఆయన సవతి సోదరుడగు సీతారామరాజు చేతిలోనికి పోయెను. సీతారామరాజు కార్యదక్షుడు, కఠినుడు, అధికారలోలుడు. చుట్టునున్న జమీందారుల ననేకులను లోబరచి సంస్థానమును విస్తరింపజేసెను. జయపురము మొదలగు కొండ సంస్థానములును విజయనగరమునకు కప్పము చెల్లించుచుండెను. బొబ్బిలి రాజకుమారుడైన చిన రంగారావు విజయనగరపు కోటలో బంధింపబడెను. ఈ దౌష్ట్యమునకు ఫలము పిమ్మట కానవచ్చును.

విజయరామరాజు పెరిగి పెద్దవాడయ్యెను గాని, ప్రభుత్వము ఆయనకు పేరునకు మాత్రమే దక్కెను. అన్నదమ్ముల నడుమ వైమనస్యము పెరిగెను. మద్రాసు గవర్నరుగా నుండిన సర్ థామస్ రంబోల్డు 1778లో సర్కారుల జమీందారులను మద్రాసునకు పిలిపించినపుడు, విజయరామరాజునకు ఇష్టము లేకున్నను సీతారామరాజునే దివానుగా నిలిపెను. ఆ వ్యవహారమున లంచములు చేతులు మారెనను అపవాదు లండను దాక పోయెను. రంబోల్డు 1781లో పదవీచ్యుతుడయ్యెను. ఇంటి తగవును పరాయివాని ముంగిటికి కొనిపోయినచో, తీర్పు చెప్పువాడే ఇంటికి యజమాని యగునని ఈ యన్నదమ్ముల చరిత్ర చాటుచున్నది.

కుంఫిణీవారి దృష్టి క్రమక్రమముగ మారెను. మిత్రుని బలము వారికి భయకారణ మయ్యెను. 1784 నాటి సర్క్యూటు కమిటీ విజయనగర సంస్థానపు సైన్యమును, ఆదాయమును లెక్కించి, ఇంతటి బలము ఒక జమీందారునకు తగదని అభిప్రాయపడెను. పేష్కషు హెచ్చింపబడెను, బకాయి లక్షల మీద పెరిగెను. 1793లో సీతారామరాజును భరణ మేర్పరచి మద్రాసునకు పంపివేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో కర్నలు ప్రెండర్గాస్టు విజయనగరపు కోటను స్వాధీనపరచుకొనెను. పిదప విజయరామరాజునకు ఉత్తరువు వచ్చెను: నెలకు 1,200 రూపాయల భరణము గైకొని మచిలీపట్టణమున నివసింపవలెను.

ఏ మచిలీపట్టణమును ఫ్రెంచివారినుండి గెలుచుటకు ఆయన పెంపుడు తండ్రి సేనలు నడచెనో, ఆ పట్టణమే కుమారునకు ప్రవాసస్థానముగ నిర్ణయింపబడెను. ఇంతకన్న దైవోపహతి యేమి కలదు!

నాటి దేశస్థితిని కొంత పరికింపవలెను. 1794 నాటికి ఈ తీరమున ఒకే ప్రభుత్వము లేదు. దక్షిణమున గుంటూరు దాక కుంఫిణీ పాలన. గుంటూరు సర్కారు 1788లోనే వారి వశమైనది. ఉత్తరమున గంజాము సైతము వారిదే. దానికావల కటకము, పూరీ నాగపురపు మరాఠాల యేలుబడిలో నుండెను. పడమట కొండలు, వాని కావల నైజాము రాజ్యము. తూర్పున సముద్రము, విజయనగరమునకు దాపుననున్న రేవు భీమునిపట్టణమున డచ్చివారి కోట యుండెను. గోదావరీ తీరమున ఫ్రెంచివారి యానామును ఇంగ్లీషువారు 1793లోనే పట్టుకొనిరి. పారిపోదలచిన వానికి త్రోవలు లేకపోలేదు. విజయనగరపు చెర నుండి తప్పించుకొనిన బొబ్బిలి చిన రంగారావు నైజాము దేశమున తలదాచుకొనియే యుండెను.

విజయరామరాజు ఈ దేశములలో దేనికిని పోలేదు; మచిలీపట్టణమునకును పోలేదు. ఉత్తరువు ననుసరించి నగరము వెడలెను గాని, విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమ, గోస్తనీ నదీ ప్రాంతమున నున్న పద్మనాభమున ఆగిపోయెను. కొండమీద అనంత పద్మనాభస్వామి, కొండ దిగువ కుంతీమాధవస్వామి వెలసిన పుణ్యస్థలమది. అచ్చట ఆయన చుట్టు నాలుగు వేలమంది దాక జనులు చేరిరి. వారిలో పెక్కురు సంస్థానమున సేవకు ప్రతిఫలముగ భూములనుభవించు రాచకుటుంబములవారు. ప్రభువు పరదేశమున భరణము తిని బ్రతుకగలడు. ఆయనను నమ్ముకొనిన ఈ కుటుంబములకు ఏ పట్టణమునను భరణము లేదు. రాజు దేశమును వీడుట యనగా ఆయన యొక్కని ప్రయాణము కాదు. వేల కుటుంబముల జీవనాధారము తెగుట. ఈ సంగతిని మరచి ఆయన నిశ్చయమును కేవలము మొండితనమని త్రోసివేయుట న్యాయము కాదు.

1794 జూలై 10వ తేదీ తెల్లవారుజామున ప్రెండర్గాస్టు సేన పద్మనాభము మీద పడెను. కుంఫిణీ సిపాయీలు ఎనిమిది వందలకు మించరు. కాని వారి శిక్షణము, తుపాకుల వరుస వేరు. పోరు ముప్పావుగంటలో ముగిసెను. విజయరామరాజు రణభూమియందే కూలెను. ఆయన చుట్టు నిలిచిన ముఖ్యులలో పెక్కురు ఆయనతోడనే ఒరిగిరి. రాజు పక్షమున మూడు వందలకు పైగా మరణించిరి. కుంఫిణీ పక్షమున మృతులు 13 మంది, గాయపడినవారు 61 మంది. ఈ లెక్కలోని తారతమ్యమే ఆనాటి పోరాట మెంత విషమమైనదో తెలుపుచున్నది.

ఆయన కుమారుడు నారాయణబాబు అప్పటికి పసివాడు. విశ్వాసపాత్రులు ఆ బాలుని కొండ జమీందారుల రక్షణకు చేర్చిరి. కొండలనుండి అలజడి చెలరేగగా, కుంఫిణీవారు తర్జనభర్జనలు చేసి, బాలునితో ఒడంబడిక చేసికొని, సంస్థానమును తగ్గించి తిరిగి యిచ్చిరి. పూర్వము విజయనగరము మ్రింగిన జమీలు పెక్కు విడిపోయెను. నైజాము దేశమునుండి చిన రంగారావును రప్పించి బొబ్బిలిని ఆయనకు 1794లోనే మరల నిచ్చిరి. తాను చెరనుంచిన వంశము చెరవీడి గద్దె నెక్కుట చూచుటకు మాత్రము విజయరామరాజు లేడు. 1802 నాటి శాశ్వత పరిష్కారమున విజయనగరపు పేష్కషు ఐదు లక్షల రూపాయలుగ స్థిరపడెను. నారాయణబాబు తుదకు కాశీలో కాలము గడపి, సంస్థానమును ఋణములలో నుంచి, 1845లో అచ్చటనే కాలధర్మము నొందెను.

ఒక్క తరమున ఒక్క సీమనుండి నాలుగు త్రోవలు పోయినవి. సీతారామరాజు భరణము గైకొని మద్రాసునకు పోయెను. మరల అధికారమునకు రాలేదు. చిన రంగారావు తానై నైజాము దేశమునకు పోయెను. గౌరవముతో తిరిగి వచ్చెను. నారాయణబాబు కొండలలో దాగి కొంత దక్కించుకొనెను. విజయరామరాజు కదలక నిలిచి సర్వమును కోల్పోయెను. అయినను ఆయన కొడుకునకు సంస్థానము దక్కుటకు పద్మనాభమున చిందిన రక్తమే ముఖ్య కారణమనుటలో సందేహము లేదు. జనులలో రేగిన కలవరమును చూచియే కుంఫిణీవారు మెత్తబడిరి.

కావున దేశమును వీడుట పిరికితనమనియు, నిలుచుటయే వీరత్వమనియు ఈ చరిత్ర బోధించుట లేదు. చిన రంగారావు పిరికివాడు కాడు. పోదలచినవాడు మూడు సంగతులను విచారింపవలెను. పోవు చోటును తాను ఎన్నుకొనుచున్నాడా, తనకు కీడు తలచినవాడు నిర్ణయించుచున్నాడా? అచ్చటి అన్నము తన కాయకముచే వచ్చునదా, అన్యుని భిక్షయా? తాను వెడలినచో వెనుక మిగులువారి గతి యేమి? సీతారామరాజు ఈ ప్రశ్నలను విచారించినట్లు కానరాదు. విజయరామరాజు మూడవ ప్రశ్నయొద్ద ఆగిపోయెను.

అయినను ఆయన వంశపు దోషమును దాచరాదు. అన్యులకు స్వదేశమును చెరసాలగ మార్చినవారికి ఒకనాడు తమ దేశమే పరాయిదగును. బొబ్బిలివారిని చెరబెట్టని నాడు, అన్నదమ్ములు తమ తగవును మద్రాసు ముంగిటికి తీసికొనిపోని నాడు, కుంఫిణీవారికి ఇంత చనవు దొరకి యుండెడిది కాదు. దేశమున రాజకీయము విషమించినపుడు ఏ దేశమునకు పోదమని విచారించుటకు ముందు, ఆ విషమునకు మన చేతి భాగమెంత యని విచారించుట మేలు.

విశాఖపట్టణమునుండి పద్మనాభమునకు పోవువారు స్వామి దర్శనానంతరము కొండ దిగువ ఒక్క క్షణము నిలిచి, ఆ నేలమీద ఒరిగిన పేరులేని సిపాయీలను, రాచబిడ్డలను కూడ స్మరింతురు గాక! ప్రభువుల పేర్లు చరిత్రలో నిలిచినవి. వారిని నమ్మి నిలిచినవారికి మిగిలినది ఆ మట్టియే.