నికోలా టెస్లా

నికోలా టెస్లా (జులై 10, 1856 - జనవరి 7, 1943) సెర్బియా జాతికి చెందిన సుప్రసిద్ధ ఆవిష్కర్త, విద్యుత్ ఇంజనీరు. ఇంటి పంకాలను త్రిప్పే ఇండక్షన్ మోటారుకు ఆద్యులలో ఒకడు. మోటార్లలో రొదకు, అరుగుదలకు కారణమైన బ్రష్షులను, కమ్యుటేటరును తొలగించడం ఇతని ముఖ్యమైన కృషి.

బాల్యం, విద్యాభ్యాసం

టెస్లా అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని (నేటి క్రొయేషియా) స్మిల్యాన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. ఇంటి పనిముట్లను స్వయంగా తయారుచేసుకొనే తల్లి నుండే తనకు ఆవిష్కరణాశక్తి అబ్బిందని టెస్లా భావించేవాడు. 1875లో గ్రాట్జ్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ గ్రామ్ యంత్రంలో బ్రష్షులు నిప్పురవ్వలు చిమ్మడం చూసి, అవి లేకుండానే మోటారును నడపవచ్చునని సూచించాడు. అది అసాధ్యమని ఆచార్యుడు తోసిపుచ్చాడు. టెస్లా పట్టా పొందకుండానే చదువు ముగిసింది.

శబ్దబాధ

బుడాపెస్ట్‌లో ఉద్యోగం చేస్తుండగా టెస్లా తీవ్రమైన అస్వస్థతకు లోనయ్యాడు. మూడు గదుల అవతలి గడియారం చప్పుడు కూడా వినిపించేదని, నేల అదురు సోకకుండా మంచం క్రింద రబ్బరు మెత్తలు పెట్టుకోవలసివచ్చిందని స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. కోలుకున్న తరువాత, 1882లో అక్కడి ఉద్యానవనంలో నడుస్తుండగా పరిభ్రమించే అయస్కాంత క్షేత్రం ఆలోచన స్ఫురించింది.

ఇండక్షన్ మోటారు

1883లో స్ట్రాస్‌బర్గ్‌లో తొలి నమూనాను నడిపాడు. 1884లో అమెరికా చేరాడు. 1888 మే నెలలో పేటెంట్లు లభించాయి. అదే సంవత్సరం వెస్టింగ్‌హౌస్ సంస్థ వాటి హక్కులను తీసుకుంది. ఇటలీకి చెందిన గెలీలియో ఫెరారిస్ కూడా ఈ సూత్రాన్ని స్వతంత్రంగా కనుగొని 1888లోనే ప్రకటించాడు.

రెండు ఫేజుల విద్యుత్తుతో ఈ మోటారు ఒకే బలంతో సాఫీగా తిరుగుతుంది. ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజు విద్యుత్తు. దానితో త్రిప్పే బలం హెచ్చుతగ్గులకు లోనై, 50 హెర్ట్‌జ్ సరఫరాలో సెకనుకు 100 మారులు అదురు, హోరు పుడతాయి. ఒకే సరఫరాను మోటారులోనే రెండు ఫేజులుగా చీల్చే పద్ధతులకు కూడా టెస్లా పేటెంట్లు పొందాడు. సాధారణ సీలింగు పంకాలోని కెపాసిటరు చేసే పని ఇదే. కెపాసిటరు బలహీనపడితే పంకా వేగం తగ్గుతుంది, హోరు పెరగవచ్చు. మిగిలిన అదురు ఇంటి కప్పుకు ప్రాకకుండా పంకాను తగిలించేచోట రబ్బరు ముక్క అమరుస్తారు.

చివరి దశ

వెస్టింగ్‌హౌస్ ఆర్థిక ఇబ్బందులలో పడినప్పుడు టెస్లా తన రాయల్టీలను వదులుకున్నాడు. చివరికి అప్పులతో, న్యూయార్క్‌లోని ఒక హోటలు గదిలో ఒంటరిగా మరణించాడు. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రత ప్రమాణానికి టెస్లా అని పేరు పెట్టారు.