ఇరుకు గదిలో పొట్టి అలలు – జగదీశ చంద్ర బోసు

పరికరములు లేవనియు, చోటు చాలదనియు పని మానుకొనువారు లోకమున పెక్కురు. ఉన్న చోటునకు తగినట్లు పనిని మలచుకొనువారు అరుదు. అట్టివారిలో ఆచార్య జగదీశ చంద్ర బోసు అగ్రగణ్యుడు.

ఆయన 1858 నవంబరు 30వ తేదీన, నేటి బంగ్లాదేశములోని మైమెన్‌సింగులో జన్మించెను. తండ్రి భగవాన్ చంద్రుడు ప్రభుత్వోద్యోగి అయినను, కుమారుని మొదట ఇంగ్లీషు బడికి పంపక, బీదల బిడ్డలు చదువుకొను వంగభాషా పాఠశాలకు పంపెను. కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలో లాఫాం అను ఫాదరీ ఆ బాలునకు భౌతికశాస్త్రమునందు అభిరుచి కలిగించెను. జగదీశుడు లండనులో వైద్యవిద్య ఆరంభించి, అనారోగ్యముచే విడిచి, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రములు చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడుగా చేరెను.

ఆ కాలమున భారతీయ ఆచార్యులకు ఆంగ్లేయుల జీతములో మూడింట రెండు వంతులే లభించుచుండెను. తాత్కాలికోద్యోగి అగుటచే బోసునకు అందులోను సగమే. తండ్రి అప్పులలో మునిగియున్నను ఆయన ఆ జీతమును ముట్టలేదు. మూడేండ్లు ఊరకే పాఠములు చెప్పెను. తుదకు అధికారులు పూర్తి జీతమును వెనుకటి బాకీతో సహా చెల్లించిరి. 1887లో ఆయన పెండ్లాడిన అబలాదేవి మదరాసులో వైద్యవిద్య అభ్యసించిన విదుషి. గుంటూరు సీమకు ఆనాడు రాజధాని ఆ మదరాసే.

1894లో, తన 36వ పుట్టిన రోజున, బోసు పరిశోధనకు దీక్ష వహించెను. ఆయనకు దొరికినది 24 చదరపు టడుగుల గది. సాయము ఒక తగరపు పనివాడు. అంతకు కొన్నియేండ్ల ముందే హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు విద్యుదయస్కాంత తరంగముల ఉనికిని నిరూపించియుండెను. అల ఎంత పొడుగో, దానిని పంపుటకును పట్టుటకును వలయు ఏరియల్ అంత పెద్దది కావలెను. సామాన్యముగా అలలో సగము పొడుగు ఉండవలెను. హెర్ట్జ్ వాడిన పొట్టి అలలే సుమారు 66 సెంటీమీటర్లు. వానిని వంచి చూచుటకు ఆయన గట్టి తారుతో పోతపోసిన బ్రహ్మాండమైన పట్టకము వాడవలసివచ్చెను.

బోసు గదిని పెంచజాలడు. కావున అలను కుదించెను. రెండున్నర సెంటీమీటర్లు మొదలు 5 మిల్లీమీటర్ల వరకు గల అలలను పుట్టించెను. వానిని పట్టుటకు చిన్న లోహపు గరాటు చాలెను. నేడు ఇంజనీర్లు హారన్ యాంటెన్నా అని పిలుచునది దాని సంతతియే. జనుపనార పేడును మెలిపెట్టియు, రైళ్ళ వేళల పుస్తకములో రేకు కాగితములు దూర్చియు ఆయన తరంగముల గుణములు పరీక్షించెను. 1895లో కలకత్తా టౌనుహాలులో గోడలకు ఆవల, 75 అడుగుల దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి సభను అబ్బురపరచెను. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ప్రసంగించెను.

నేడు గుంటూరు సందులలోనో, ఒంగోలు మేడలపైననో అనుమతి పొంది అమెచ్యూర్ రేడియో నడుపగోరు విద్యార్థికి ఎదురగు చిక్కు అదియే. 40 మీటర్ల అలకు సగము తీగ యనిన 20 మీటర్లు. డాబాపై అంత చోటుండదు. మార్కోని మార్గమున నేలను రెండవ సగముగా వాడి, 10 మీటర్ల నిలువు తీగతో సరిపుచ్చవచ్చును. పత్తి, మిరప పండు నల్లరేగడి తడిసియున్నపుడు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి ఎండినపుడు ఆ గుణము తగ్గును. అందుచే ఏరియల్ మొదట చుట్టును నేలపై తీగలు పరువవలెను. తీగచుట్ట చేర్చి ఏరియల్‌ను ఇంకను పొట్టి చేయవచ్చును. కాని శక్తిలో కొంత వేడిగా మారి వృథాయగును, పనిచేయు పౌనఃపున్యముల మేర ఇరుకగును. బోసు మార్గమున అలనే కుదించి 2 మీటర్లు చేసినచో ఒక మీటరు కడ్డీ చాలును. అయితే అట్టి అల సాధారణముగా దిగంతము దాటిపోదు; చదునైన మైదానమున స్తంభము ఎత్తే దాని అందుబాటు. ఎవరితో మాటాడగోరుదుమో ముందు నిశ్చయించుకొని, పిదప ఏరియల్‌ను ఎన్నుకొనవలెను.

తన కనుగొన్నవానిని అమ్ముకొనుట బోసునకు ఇష్టము లేకుండెను. మిత్రుల ఒత్తిడిచే 1904లో ఒక అమెరికా పేటెంటు లభించినను, ఆయన దానిని ధనార్జనకు వినియోగింపలేదు. పిదప ఆయన దృష్టి మొక్కల స్పందనలపైకి మరలెను. 1917 నవంబరు 30వ తేదీన కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో పరమపదించెను.

ప్రయోగశాల లేదని నిరుత్సాహపడు గ్రామ పాఠశాలల ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఆ 24 చదరపు టడుగుల గది నిత్యస్మరణీయము.